రూపమా, అక్షరమా?: తెలుగు డిజిటల్ పాఠాల మార్పిడి చరిత్ర

వ్యాససంగ్రహం

డిజిటల్ పత్రాలను ఒక ఫైలు రూపంనుంచి మరొక రూపంలోకి మార్చడాన్ని సాధారణంగా సాంకేతిక నిపుణుల పనిగా భావిస్తాం. తెలుగు విషయంలో ఈ పనికి మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ఇస్కీ, ఫాంటు సంకేతాలు, రోమను లిప్యంతరీకరణ, యూనికోడ్, పీడీఎఫ్ అనే దశలగుండా తెలుగు పాఠం ప్రయాణించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అక్షరాన్ని భద్రపరచిన ఫైళ్లు తరువాతి రూపాల్లోకి తేలికగా మారాయని, అక్షరం ఆకృతిని మాత్రమే భద్రపరచిన ఫైళ్లు చిక్కుకుపోయాయని నిరూపించడం, మార్పిడిని పాఠపరిష్కరణలో భాగంగా గుర్తించవలసిన అవసరాన్ని తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫైలు మార్పిడి, ఇస్కీ, యూనికోడ్, ఫాంటు సంకేతం, పీడీఎఫ్, పాఠపరిష్కరణ, అరసున్న.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2009లో వెలువరించిన నిబంధనలు పరిశోధన సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించాలని నిర్దేశించాయి. ఆ ప్రతులకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధ్‌గంగ నెలవయింది. అక్కడ తెలుగు శాఖల సిద్ధాంతగ్రంథాలూ ఉన్నాయి. వాటిలో పాత ఫాంట్లతో కూర్చిన ఒక గ్రంథాన్ని తెరిస్తే పుట చక్కగా కనిపిస్తుంది. కాని అందులో ‘వేమన’ అనే పదాన్ని వెతికితే ఒక్క ఫలితమూ రాదు. పుటలోని వాక్యాన్ని నకలు చేసి వేరొకచోట అతికిస్తే అర్థంలేని రోమను అక్షరాలు, విరామచిహ్నాలు పడతాయి. కంటికి తెలుగుగా కనిపించేది యంత్రానికి తెలుగు కాదన్నమాట.

ఈ స్థితి ఎలా ఏర్పడింది? దీనివల్ల సాహిత్య పరిశోధనకు కలిగే నష్టం ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం 1990ల నాటి తెలుగు ముద్రణరంగ చరిత్రలో ఉంది.

2. పూర్వరంగం: తాటాకు నుంచి కాగితానికి

పాఠాన్ని ఒక ఆధారంనుంచి మరొక ఆధారానికి మార్చడం మనకు కొత్త కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తాళపత్రప్రతులను సేకరించి, పండితులను నియమించి, ప్రతులను సరిపోల్చి కాగితంపై శుద్ధప్రతులు రాయించాడు. ఆయన కృషి ఫలితంగా 1829లో వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో అచ్చయ్యాయి. తాటాకునుంచి కాగితానికి, కాగితంనుంచి అచ్చుకు జరిగిన ఈ ప్రయాణంలో ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు నిర్ణయాలు తీసుకున్నారు. ఏ పాఠాన్ని గ్రహించాలి, ఏ గుర్తును విడిచిపెట్టాలి, లేఖకదోషం ఏది, పాఠాంతరం ఏది అని నిర్ణయించారు. అందుకే పాఠపరిష్కర్త తాను చూసిన ప్రతుల వివరాలను పీఠికలో చెప్పే సంప్రదాయం ఏర్పడింది.

డిజిటల్ మార్పిడిలోనూ ఇవే నిర్ణయాలు జరుగుతాయి. తేడా ఒక్కటే. ఇక్కడ వాటిని తీసుకునేది ఒక పట్టిక, ఒక ప్రోగ్రాము. దానికి పీఠిక ఉండదు.

3. రెండు దారులు: ఇస్కీ, ఫాంటు సంకేతాలు

కంప్యూటరు అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంలో 128 స్థానాలున్నాయి. అవి రోమను లిపికి, అంకెలకు, విరామచిహ్నాలకు, నియంత్రణ సంకేతాలకు సరిపోయాయి. ఎనిమిది బిట్ల పద్ధతిలో లభించే 256 స్థానాల్లో మిగిలిన సగాన్ని భారతీయ లిపులకు కేటాయించి రూపొందించిన ప్రమాణం ఇస్కీ. భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని 1991లో ఐఎస్ 13194 పేరుతో ఆమోదించింది. బ్రాహ్మీ లిపినుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణక్రమం దాదాపు ఒకటే కనుక ‘క’ అనే వర్ణానికి అన్ని లిపుల్లోనూ ఒకే సంకేతం ఇవ్వడం ఇందులోని మౌలికమైన ఆలోచన. ఇస్కీలో దాచేది వర్ణాన్ని. దానిని తెలుగులో చూపాలా, దేవనాగరిలో చూపాలా అనేది ప్రదర్శించే యంత్రాంగం పని.

శాస్త్రీయంగా ఇది ఉత్తమమైన పద్ధతి. అయితే వర్ణాలను గుణింతాలుగా, సంయుక్తాక్షరాలుగా కూర్చి చూపగల సామర్థ్యం ఆనాటి సాధారణ కంప్యూటర్లకు లేదు. ఐఐటీ కాన్పూరులో పుట్టి సీడాక్‌లో పెరిగిన జిస్ట్ సాంకేతికత ఈ పనికోసం కంప్యూటరులో ప్రత్యేకంగా ఒక కార్డును అమర్చవలసి వచ్చేది.

అదే సమయంలో ముద్రణరంగంలో డీటీపీ విప్లవం వచ్చింది. పేజ్‌మేకర్ వంటి పుటవిన్యాస సాఫ్ట్‌వేర్లకు తెలుగు తెలియదు. వాటికి తెలిసినది రోమను అక్షరాల వరుస మాత్రమే. అందువల్ల ఫాంటు తయారీదారులు రోమను అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను పెట్టారు. ఒక స్థానంలో తలకట్టు, మరొక స్థానంలో గుడి, ఇంకొక స్థానంలో తవత్తు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి ఏర్పడే ఆకృతులు వేలల్లో ఉంటాయి. రెండువందల పైచిలుకు స్థానాల్లో వాటిని ఇమడ్చాలంటే అక్షరాన్ని ముక్కలు చేయక తప్పదు. అను, శ్రీలిపి వంటి ఫాంట్లు తెలుగు ముద్రణలో ఇలాగే స్థిరపడ్డాయి. ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క అమరిక. వెబ్‌సైట్లు ప్రారంభించిన దినపత్రికలు కూడా తమతమ ఫాంట్లను వాడాయి. వాటిని దింపుకోనిదే పాఠకుడు వార్త చదవలేకపోయేవాడు.

అలా ఒక తరం తెలుగు పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంతగ్రంథాలు డిజిటల్ రూపంలో పుట్టినా అక్షరాలుగా పుట్టలేదు. అక్షరాల బొమ్మల ముక్కలుగా పుట్టాయి.

4. మార్పిడిలోని చిక్కులు

‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని పరిశీలిస్తే చిక్కు ఎక్కడుందో స్పష్టమవుతుంది. ఉచ్చారణక్రమాన్ని అనుసరించే యూనికోడ్‌లో దీని క్రమం: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారచిహ్నం. మొత్తం ఆరు సంకేతాలు. ఆకృతిని అనుసరించే ఫాంటులోనైతే ముందు గుడిదీర్ఘంతో కూడిన ‘సీ’, తరువాత తవత్తు, రవత్తు వస్తాయి. అంటే చివర ఉచ్చరించే అచ్చు మొదటి హల్లు దగ్గరే నిలిచిపోతుంది. మార్పిడి చేసే ప్రోగ్రాము ముక్కలను గుర్తుపడితే చాలదు. వాటిని విడదీసి, అచ్చును చివరికి జరిపి, హల్లులమధ్య పొల్లులను చేర్చాలి.

రవత్తు, అంటే క్రారవడి, మరింత చిక్కు తెస్తుంది. అది అక్షరానికి ఎడమవైపునుంచి చుట్టుకొని వస్తుంది కాబట్టి కొన్ని ఫాంట్లలో హల్లుకు ముందే చేరేది. అసంపూర్ణంగా మారిన పాఠాల్లో ‘ప్రజలు’ అనే పదం ‘(పజలు’గా, ‘ప్రభుత్వం’ అనే పదం ‘(పభుత్వం’గా కనిపించడం చాలామంది పరిశోధకులకు అనుభవమే. ఇది అచ్చుతప్పు కాదు, తన స్థానం దొరకని క్రారవడి.

రెండవ చిక్కు ఫాంటు పేరుకు సంబంధించింది. ఇలాంటి ఫైలులో ఒకే సంకేతం ఒకచోట తెలుగు ముక్క, మరొకచోట ఆంగ్లాక్షరం. ఏది ఏదో చెప్పేది ఆ భాగానికి తగిలించిన ఫాంటు పేరు మాత్రమే. వర్డ్ లేదా పేజ్‌మేకర్ ఫైలులో ఆ సమాచారం ఉంటుంది. ఫైలును సాదా పాఠంగా, అంటే టెక్స్ట్ ఫైలుగా, భద్రపరిస్తే ఆ సమాచారం పోతుంది. ఆపైన మార్పిడి చేస్తే ఉదాహృతమైన ఆంగ్లగ్రంథాల పేర్లు కూడా తెలుగు ముక్కలుగా మారిపోతాయి. ఫాంట్లు మారితే పట్టికలు కూడా మారతాయి కనుక ఫాంటు పేరు తెలియని ఫైలు తాళంచెవి పోయిన పెట్టెవంటిది.

మూడవ చిక్కు సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంచిక 2001లో వెలువడింది. దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ కొంతకాలం పాత ఫైళ్లను తెరిచింది. తరువాతి సంచికలు ఆ సౌకర్యాన్ని వదిలివేశాయి. కనుక ముద్రణాలయాల్లో, రచయితల ఇళ్లలో మిగిలిన పేజ్‌మేకర్ ఫైళ్లను యూనికోడ్‌లోకి తేవాలంటే ముందుగా వాటిని తెరవగల పాత యంత్రాన్ని వెతుక్కోవాలి.

5. రోమను దారి, యూనికోడ్ రాక

ముద్రణరంగం ఫాంట్ల దారిలో నడుస్తున్న రోజుల్లోనే ప్రవాసాంధ్రులు మరొక దారి తొక్కారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద ఆర్‌టీఎస్‌గా ప్రసిద్ధమైన లిప్యంతరీకరణ పద్ధతి 1990ల ఆరంభంలో రూపుదిద్దుకొంది. ఇందులో తెలుగును రోమను లిపిలో, చిన్నబడి పెద్దబడి భేదంతో రాస్తారు. చిన్నబడిలో ‘న’, పెద్దబడిలో ‘ణ’. చిన్నబడిలో ‘ల’, పెద్దబడిలో ‘ళ’. చూడటానికి అందంగా ఉండదు. కాని ప్రతి వర్ణమూ ఉచ్చారణక్రమంలో నమోదవుతుంది. ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటుంది.

యూనికోడ్ తొలి సంచిక 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 128 స్థానాలు గల విభాగాన్ని కేటాయించారు. దాని అమరికకు 1988 నాటి ఇస్కీ ఆధారం. అందువల్ల ఇస్కీ ఫైలును యూనికోడ్‌లోకి మార్చడం దాదాపు పట్టిక చూసి స్థానం మార్చడమే. క్రమాన్ని కదిలించవలసిన పని లేదు. అయితే ప్రమాణం వచ్చిన వెంటనే తెలుగు తెరమీదికి రాలేదు. తెలుగు సంయుక్తాక్షరాలను కూర్చి చూపే సామర్థ్యం విండోస్‌లో 2001 నాటి ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో అందుబాటులోకి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు తొలి యూనికోడ్ పాఠకులకు ఎంతగానో ఉపకరించాయి.

తెలుగు వికీపీడియాకు 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున, పత్రికల ఫాంటు సంకేతాలను బ్రౌజరులోనే యూనికోడ్‌గా మార్చి చూపే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని రూపొందించారు. రోమను లిపిలో కొట్టినదాన్ని తెలుగు యూనికోడ్‌గా మార్చే ‘లేఖిని’ వచ్చాక ఆర్‌టీఎస్ అభ్యాసం ఉన్నవారికి కొత్త లిపివిన్యాసం నేర్చుకునే శ్రమ తప్పింది. 1998లో ఆరంభమైన ‘ఈమాట’ తొలి సంచికలను నేడు యూనికోడ్‌లో చదవగలుగుతున్నామంటే అందుకు మార్పిడే కారణం.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. 1990ల నాటి ఫైళ్లలో కంటికి అందంగా ఉన్నవి డీటీపీ ఫైళ్లు. అనాకారిగా ఉన్నవి రోమను పాఠాలు. నేడు చిన్న ప్రోగ్రాముతో తెలుగుగా మారగలిగేవి ఆ రోమను పాఠాలే. అందమైన ఫైళ్లకు మాత్రం ఫాంటు, పట్టిక, పాత సాఫ్ట్‌వేర్, దోషపరిష్కరణ అన్నీ కావాలి. ఫైలు ఆయుష్షు అది ఎలా కనిపిస్తుందన్నదానిమీద కాక, అది దేనిని నమోదు చేసిందన్నదానిమీద ఆధారపడుతుందని ఈ చరిత్ర నిరూపిస్తోంది.

6. పీడీఎఫ్: ముగిసినట్లు కనిపించే మార్పిడి

అడోబ్ సంస్థ 1993లో ప్రవేశపెట్టిన పీడీఎఫ్, 2008లో ఐఎస్ఓ ప్రమాణమయింది. ఏ యంత్రంలో తెరిచినా పుట ఒకేలా కనిపించాలన్నది దాని లక్ష్యం. ఆ లక్ష్యాన్ని అది సాధించింది. అందుకే ఏ పత్రాన్నైనా పీడీఎఫ్‌గా మార్చితే భద్రపరచినట్లేనన్న భావన విద్యారంగంలో స్థిరపడింది.

పీడీఎఫ్ ప్రధానంగా నమోదు చేసేది ఏ ఆకృతిని పుటలో ఏ స్థానంలో ఉంచాలన్న సమాచారాన్ని. ఆ ఆకృతి ఏ అక్షరానికి చెందుతుందో చెప్పే పట్టికను విడిగా చేర్చాలి. పాత ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలను చెప్పే పట్టిక ఉండదు. ఉన్న సంకేతాలు రోమను అక్షరాలవి. యూనికోడ్ ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లో కూడా ఒత్తులు, గుణింతాలు ఆకృతిక్రమంలోకి మారిపోవడంవల్ల నకలు తీసినప్పుడు తెలుగు చెదరడం తరచుగా జరుగుతుంది. అక్షరాలుగా ఉన్న పాఠం పీడీఎఫ్‌లో మళ్లీ ఆకృతిగా మారుతోందన్నమాట.

దీర్ఘకాలిక భద్రతకోసం 2005లో పీడీఎఫ్/ఎ ప్రమాణం వచ్చింది. అందులో ‘బి’ స్థాయి పుట ఆకృతికి మాత్రమే హామీ ఇస్తుంది. 2011 నాటి రెండవ భాగంలో చేర్చిన ‘యు’ స్థాయి ప్రతి ఆకృతికీ యూనికోడ్ సంబంధాన్ని కోరుతుంది. భద్రపరచినది పుటనా, పాఠాన్నా అన్న భేదాన్ని ప్రమాణాలే గుర్తించాయని దీనివల్ల తెలుస్తోంది.

పీడీఎఫ్‌నుంచి పాఠం రానప్పుడు పుటను బొమ్మగా తీసి, అక్షరాలను యంత్రంచేత గుర్తింపజేయడం, అంటే ఓసీఆర్, చివరి మార్గమవుతుంది. కంప్యూటరులో పుట్టిన పాఠాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మనుంచి మళ్లీ పాఠాన్ని ఊహించడం విచిత్రమే అయినా అనేక సందర్భాల్లో అదొక్కటే దారి. ఊహ అన్నచోట పొరపాటు ఉంటుంది. ‘థ’కారంలోని చుక్క యంత్రం కంటికి ఆనకపోతే ‘అర్థము’ కాస్తా ‘అర్ధము’ అవుతుంది. ‘ఫలము’ ‘పలము’ అవుతుంది. ఈ నాలుగూ నిఘంటువులో ఉన్న పదాలే కాబట్టి అక్షరదోషాలను పట్టే ప్రోగ్రాములు వీటిని దోషాలుగా గుర్తించవు.

7. మార్పిడిలో జారిపోయేవి

ప్రాచీన సాహిత్య పరిశోధకునికి మార్పిడి ఎంత నష్టం కలిగించగలదో అరసున్న చక్కగా చూపుతుంది. ‘రాముఁడు’ అన్నప్పుడు గురువు, లఘువు, లఘువు. అది భగణం. మార్పిడి పట్టికలో అరసున్నకు చోటు లేక నిండుసున్నగా మారితే ‘రాముండు’ అవుతుంది. గురువు, గురువు, లఘువు. అది తగణం. ఉత్పలమాల పాదం భగణంతో మొదలవుతుంది కనుక ఛందస్సు చెడుతుంది. అయితే ‘రాముండు’ కూడా కావ్యభాషలో సాధువైన రూపమే. అందువల్ల ఛందోబద్ధం కాని వచనభాగంలో ఇది మార్పిడి దోషమని ఎవరికీ అనుమానం రాదు. పాఠాంతరంగా చలామణి అవుతుంది. అరసున్న పూర్తిగా జారిపోయి ‘రాముడు’ అయితే ఛందస్సు నిలుస్తుంది గాని అరసున్నల చరిత్రను అధ్యయనం చేసేవారికి ఆధారం పోతుంది.

వలపలగిలక మరొక ఉదాహరణ. పాత అచ్చుల్లో హల్లు తరువాత కనిపించే ఈ రేఫచిహ్నానికి యూనికోడ్‌లో విడిగా స్థానం లేదు. మార్పిడిలో సాధారణంగా అది రేఫ, దానికింద ఒత్తు ఉన్న ఆధునిక రూపంలోకి మారుతుంది. ఉచ్చారణ మారదు. కాని ముద్రణచరిత్రకు పనికివచ్చే సాక్ష్యం చెరిగిపోతుంది.

మార్పిడి జరిగిన కాలం కూడా ముఖ్యమే. దంత్య ‘ౘ’, ‘ౙ’లు, అవగ్రహచిహ్నం, తెలుగు భిన్నాంకాలు 2008లో యూనికోడ్‌లో చేరాయి. శాసనభాషకు అవసరమైన ‘ఴ’ 2014లో, ‘ౚ’ 2015లో చేరాయి. నకారపొల్లు 2021లో చేరింది. 2008కి ముందు యూనికోడ్‌లోకి మార్చిన నిఘంటువులో దంత్య చకారం ప్రత్యేకంగా కనిపించకపోతే, అది మూలంలో లేదని చెప్పడానికి వీలులేదు. ఆనాడు దానికి స్థానమే లేదు.

పదసూచికలు, పదప్రయోగ గణాంకాలు తయారుచేసేవారికి కంటికి కనిపించని భేదాలు ఇబ్బంది కలిగిస్తాయి. ‘రాజ్‌కుమార్’ వంటి పదాల్లో పొల్లును నిలపడానికి చేర్చే అదృశ్యసంకేతం ఒక ఫైలులో ఉండి మరొకదానిలో లేకపోతే యంత్రం వాటిని రెండు పదాలుగా లెక్కిస్తుంది. ఐకారచిహ్నాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. ఈ భేదాలను తొలగించకుండా చేసిన లెక్క నమ్మదగినది కాదు.

8. పరిశోధకుల బాధ్యత

పై పరిశీలననుబట్టి మార్పిడి పొందిన పాఠాన్ని ఒక లేఖకుడు రాసిన ప్రతిగా పరిగణించాలని చెప్పవచ్చు. అలా పరిగణించినప్పుడు కొన్ని నియమాలు సహజంగానే ఏర్పడతాయి.

మొదటిది, మూలఫైలును పారవేయరాదు. నేటి పట్టికలో ఉన్న లోపం రేపు సవరింపబడవచ్చు. మూలం ఉంటే మళ్లీ మార్చుకోవచ్చు. ఉపకరణాలు కూడా శాశ్వతం కావు. పాత తరహా పొడిగింపులు పనిచేసే పద్ధతిని ఫైర్‌ఫాక్స్ 2017లో విడిచిపెట్టింది. మార్పిడి పట్టికలను కూడా బహిరంగంగా భద్రపరచాలి.

రెండవది, వివరాలను నమోదు చేయాలి. మూలఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌లో, ఏ ఫాంటుతో తయారయింది, ఏ ఉపకరణంతో ఎప్పుడు మార్చారు, మానవపరిష్కరణ జరిగిందా అన్న నాలుగైదు వాక్యాలను సిద్ధాంతగ్రంథం పీఠికలోనో, సంకలనం ఆరంభంలోనో చేర్చాలి. ప్రతుల వివరాలు చెప్పే పరిష్కర్తల సంప్రదాయానికి ఇది కొనసాగింపు.

మూడవది, పరీక్షించాలి. అరసున్నలు, శకటరేఫలు, క్రారవడులు, మూడు హల్లుల సంయుక్తాలు, అంకెలు, ఆంగ్లపదాలు ఉన్న పుటలను ఎంచి మూలంతో సరిపోల్చాలి. పద్యాలను ఛందస్సుతో పరీక్షించవచ్చు. మన ఛందస్సు ఇక్కడ కూడా పాఠరక్షకురాలే. తెలుగు వికీసోర్స్‌లో పుట బొమ్మను, పాఠాన్ని పక్కపక్కన ఉంచి, ఒకరు దిద్దినదాన్ని మరొకరు ఆమోదించే పద్ధతి అమలులో ఉంది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఈ పద్ధతిని విద్యార్థుల అభ్యాసంలో భాగం చేయవచ్చు.

నాల్గవది, పీడీఎఫ్‌తోపాటు యూటీఎఫ్-8లో ఉన్న సాదా యూనికోడ్ పాఠాన్ని కూడా సమర్పించాలి. పుట చూడటానికి పీడీఎఫ్, పాఠం బతకడానికి సాదా ఫైలు. అదనంగా అయ్యే ఖర్చు లేదు. అధ్యాపకులు కోరితే చాలు.

9. ముగింపు

తెలుగు డిజిటల్ పాఠం ప్రయాణాన్ని పరిశీలించినప్పుడు ప్రతి దశలోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది. భద్రపరచినది అక్షరాన్నా, అక్షరరూపాన్నా? ఇస్కీ, ఆర్‌టీఎస్, యూనికోడ్ అక్షరాన్ని ఎంచుకున్నాయి. డీటీపీ ఫాంట్లు, పీడీఎఫ్ రూపాన్ని ఎంచుకున్నాయి. ముద్రణ అవసరాలు తీర్చిన ఆ ఫాంట్లను తప్పుపట్టనవసరం లేదు. ఆనాటి యంత్రాలతో వేలాది తెలుగు పుస్తకాలు వెలువడటానికి అవే ఆధారం. అయితే ఆ కాలపు రచనలు నేటి శోధనకు అందకపోతే, 1990లనుంచి రెండు దశాబ్దాల తెలుగు ఆలోచన భవిష్యత్ పరిశోధకునికి ఖాళీగా కనిపిస్తుంది. అంతకు ముందరి అచ్చుపుస్తకాలు, తరువాతి యూనికోడ్ రచనలు శోధనలో దొరికి, నడుమ కాలంవి దొరకకపోవడం సాహిత్యచరిత్రను వక్రీకరిస్తుంది.

ఆ ఫైళ్లను కూర్చినవారు, వాటి ఫాంట్లను ఎరిగినవారు ఇంకా మనమధ్య ఉన్నారు. పాత యంత్రాలు కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి. తాళపత్రాల విషయంలో పురుగు తినకముందే నకలు తీయించినవారి దూరదృష్టివల్ల మనకు ఎన్నో కావ్యాలు దక్కాయి. ఈ ఫైళ్ల విషయంలో ఆ పని చేయవలసిన తరం మనదే.